లోపలి వైపు నునుపు

క్వాక్వా
2023 మార్చి 12

కెనెవే తల్లీ,

మీ మేనమామ లెఫా బతికే ఉన్నాడు. ముందు ఆ ముక్క రాసేశాను, మిగతాది నిదానంగా చదువుకో.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా అత్తయ్య దాన్ని నా చెవి దగ్గర పెడుతోంది. నేను "ఆ, ఊ" అంటున్నాను. అవతల నువ్వు ఏడుస్తున్నావు. ఇది మాట్లాడుకోవడం కాదు. ఇరవై ఏడేళ్ళు బస్సు కంపెనీలో ఇన్‌స్పెక్టర్‌గా రిపోర్టులు రాసిన చెయ్యి ఇది, దీనితోనే నీకూ రాస్తాను. మెసేజీలు కొట్టమని మాత్రం అనకు. నా బొటనవేలి కింద నాలుగు అక్షరాలు ఒక్కసారే పడతాయి. ఇక్కడి పోస్టాఫీసు మూసేసి ఏడాది దాటింది. అందుకని బ్లూమ్‌ఫాంటైన్ వచ్చే షేర్ టాక్సీ డ్రైవరు చేతికి ఇస్తున్నాను. స్టాండులో తీసుకో, నీ జవాబు కూడా అతనికే ఇయ్యి.

గడ్డ కేన్సర్ కాదట. కాకపోతే ఎముకను తినేసే రకమట. కుడి చెవి కింద నుంచి గడ్డం దాటేదాకా దవడ ఎముక తీసేశారు. ప్రస్తుతానికి లోపల ఒక ఇనుప పట్టీ లాంటిది పెట్టారు. అద్దంలో చూసుకుంటే గాలి తీసిన బంతిలా ఉన్నాను. అత్తయ్య ఏమంటోందో విను: "నోరు మూసుకుంటే ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉంటుందని తెలిస్తే, పెళ్ళయిన మర్నాడే ఆ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళేదాన్ని." నవ్వబోయాను. నవ్వు రాలేదు, చొంగ కారింది. ఆవిడ తుడిచి పక్క గదిలోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు.

మూడు శనివారాలు, మూడు అంత్యక్రియలు, నేను లేకుండానే జరిగిపోయాయి. ఈ చుట్టుపక్కల ఎవరు పోయినా కార్యక్రమం నడిపేది నేనే కదా. ఏడ్చేవాళ్ళను కాస్త నవ్వించి, మైకు వదలని పాస్టర్లను కూర్చోబెట్టి, పెట్టెను వేళకు సమాధి దగ్గరికి చేర్చేవాణ్ణి. ఇప్పుడు ఎవరో కొత్తాయన కాగితం చూసి చదువుతున్నాడట.

అసలు సంగతి ఇది. కొత్త దవడ టైటానియంతో అచ్చు వేయిస్తానంది డాక్టరమ్మ. ఎక్కడ అని రాసి అడిగాను. నువ్వు పనిచేసే చోటేనట! ఆ దవడ నీ చేతుల మీదుగా వస్తుందా? ఎలా ఉంటుంది? నాకు ఒకటే కోరిక, నున్నగా ఉండాలి.

మీ మామయ్య
లెఫా


బ్లూమ్‌ఫాంటైన్
2023 మార్చి 26

మామయ్యా,

నీ చేతిరాత చూసి స్టాండులోనే నవ్వేశాను. డ్రైవరు, "ప్రేమలేఖా చెల్లీ?" అన్నాడు. "మా మామయ్య ఫిర్యాదు పత్రం" అన్నాను.

మా దగ్గర దవడ ఎలా తయారవుతుందో చెప్తాను. నీ తలకు తీసిన స్కాన్ పట్టుకుని ఇంజనీర్లు కంప్యూటర్‌లో కొలతలు గీస్తారు. తర్వాత మిషన్ లోపల పిండికన్నా మెత్తటి టైటానియం పొడిని పొరలు పొరలుగా పరుస్తారు. లేజరు ఎక్కడ తాకితే అక్కడ పొడి కరిగి అతుక్కుంటుంది. అలా కొన్ని వేల పొరలు. బయటికి తీసినప్పుడు అందంగా ఏమీ ఉండదు. ఒళ్ళంతా సగం కరిగిన రేణువులు అంటుకుని, ఇసుకలో పొర్లించినట్టు ఉంటుంది. అది ఒంట్లో పెట్టే వస్తువు అయ్యేది మా గదిలోనే. అచ్చు పడేటప్పుడు ఆధారంగా నిలిపిన లోహపు పుల్లలు కోసేస్తాం, సన్నటి గాజు పూసలు గాలి ఒత్తిడితో కొట్టిస్తాం, యాసిడ్‌లో ముంచి రేణువులు వదలగొడతాం. కొన్నిచోట్ల పాలిష్, ఆపైన కడగడం, ఆరబెట్టడం.

ఏ చోట నునుపు, ఏ చోట గరుకు అన్నది డాక్టర్లు చెప్పి గీయించిన బొమ్మలో ఉంటుంది. చిగుళ్ళకూ బుగ్గకూ తగిలే వైపు అద్దంలా ఉండాలి. మిగిలిన ఎముక మీద కూర్చునే రెండు చివర్లూ, వాటి లోపలి వైపు మాత్రం గరుకుగా వదలాలి.

ఈ పనంతా నాకు నేర్పింది దిసెబో అక్క. యాభై దాటిన మనిషి. వేలి కొనతో తడిమి ఎంత గరుకో చెప్పగలదు. చివర్న చూసి సంతకం పెట్టేది ఆవిడే. పెట్టె మీద పేషెంటు పేరు ఉండదు, అంకె ఒక్కటే. అయినా నీ గడ్డం నాకు తెలియదా?

కెనెవే


క్వాక్వా
2023 ఏప్రిల్ 8

కెనెవే,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గరుకుగా వదలాలి అన్న మాట దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను.

ఆ మాట రాసినవాళ్ళ నోట్లో ఇనుము ఉందా? నా నోట్లో ఉంది. ఈ పట్టీ అంచు బుగ్గ లోపల గీరుతూనే ఉంది. పొద్దున లేచేసరికి దిండు మీద నెత్తురు మరక. అత్తయ్య జొన్న జావ పులియబెట్టి గరిటెతో పోస్తోంది, అది మింగుతున్నా గీరుతుంది. ఊరుకున్నా గీరుతుంది. ఒక జీవితకాలం అలాంటిదే పెట్టుకుని తిరగమంటున్నావా? పక్క వీధిలో మోకాలికి లోహం పెట్టించుకున్న ముసలాయన ఉన్నాడు. అడిగితే, "నాది నిగనిగలాడేది, నేను చూశాను" అన్నాడు. అతనికి ఉండగా నాకెందుకు ఉండదు?

మీ అమ్మ పోయినప్పుడు నిన్ను నా బస్సులోనే, నా పక్క సీట్లోనే ఈ ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పటిదాకా నిన్ను ఒక్కటీ అడగలేదు. ఇదొక్కటి అడుగుతున్నాను. గరుకు వద్దు. ఎక్కడా వద్దు.

లెఫా


బ్లూమ్‌ఫాంటైన్
2023 మే 7

మామయ్యా,

అయిపోయింది. మొన్న సీలు వేసి ఆసుపత్రికి పంపారు. నీ అంకె ఉన్న పెట్టె మిషన్ గదిలోంచి రాగానే పోల్చుకున్నాను. ఎడమవైపుకి కాస్త వంకర తిరిగిన గడ్డం నీది తప్ప ఇంకెవరిది? దిసెబో అక్కకు చెప్పాను. "మీ మామయ్యా? అయితే నువ్వే చెయ్యి. నేను ఊరికే చూస్తాను" అంది.

వారం రోజులు చేశాను. మధ్యలో కరెంటు కోతలు. జనరేటరు వేసేసరికి యాసిడ్ తొట్టి చల్లారిపోవడం, మళ్ళీ మొదలు. నువ్వు బెంగ పెట్టుకోకు. నువ్వు అడిగినట్టే వచ్చింది. వేలు పెడితే జారిపోతుంది. ఇంతకన్నా శ్రద్ధగా ఏ వస్తువూ చెయ్యలేదు, ఒట్టు.

ఆపరేషన్ రోజు సెలవు పెట్టి వస్తాను.

కెనెవే


క్వాక్వా
2023 జూలై 2

కెనెవే తల్లీ,

అమ్మా, మాట్లాడాను!

మొదటినుంచీ చెప్తాను. ఆపరేషనై ఆరు వారాలు, నీకు తెలుసు. వాపు తగ్గింది, గీరడం లేదు, దిండు తెల్లగా ఉంటోంది. డాక్టరమ్మ మాత్రం, మూడు నెలలు మెత్తటి తిండి, నోటికి పని చెప్పకూడదు అంది. సరే అన్నాను. కానీ సెకెటే పోయాడు. పద్నాలుగేళ్ళు నేను ఇన్‌స్పెక్టర్‌గా ఎక్కిన బస్సులన్నీ నడిపినవాడు. వాడి భార్య ఇంటికొచ్చి, "అన్నా, ఆయన పెట్టె దగ్గర నువ్వు ఊరికే కూర్చుంటావా?" అంది. అత్తయ్య, "ఈయన మైకు కోసం లేచాడంటే ఆ పక్కనే ఇంకో గొయ్యి తవ్వించుకో" అంది.

లేచాను. జూలై అంటే మనకు నడి చలికాలం కదా, కొండల మీద మంచు, గుడారంలో అందరూ దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. మైకు పట్టుకున్నాను. మాట ముద్దముద్దగా వచ్చింది, కానీ వచ్చింది. "సెకెటే జీవితంలో ఒక్కసారీ వేళకు బస్సు తీయలేదు. ఇవాళ మాత్రం మనందరికన్నా ముందు బయల్దేరాడు" అన్నాను. గుడారం గుడారమంతా నవ్వింది, వాడి భార్యతో సహా. ఏడుస్తూ నవ్వింది. పావుగంట మాట్లాడాను. మా వీధి ముసలమ్మ వచ్చి నా దవడ పట్టుకుని, "ఇది ఎవరు చేశారయ్యా?" అంటే, "మా మేనకోడలు" అన్నాను. నాలుగుసార్లు అన్నాను.

కాస్త నొప్పిగా ఉందిలే. తగ్గిపోతుంది.

మీ మామయ్య


బ్లూమ్‌ఫాంటైన్
2023 జూలై 9

మామయ్యా,

నీకు బుద్ధుందా? మూడు నెలలంటే మూడు నెలలు. దవడను బిగించిన మరలు ఎముకలో ఇంకా కుదురుకోలేదు, నువ్వు మైకు పట్టుకుని హాస్యాలాడుతున్నావా? అత్తయ్య చెప్పినా వినవు, డాక్టరమ్మ చెప్పినా వినవు. ఆ దవడ కదిలిందంటే అది నీ చేతులారా చేసుకున్నదే. తర్వాత నన్ను అనకు, ఎవర్నీ అనకు.

సెకెటే అంకుల్ పోయినందుకు నాకూ బాధగానే ఉంది. నొప్పి ఎలా ఉందో వెంటనే రాయి.

కెనెవే


క్వాక్వా
2023 సెప్టెంబర్ 3

కెనెవే,

నువ్వు చెప్పినట్టే అయింది.

ఆ నొప్పి తగ్గలేదు. ఆగస్టు మొదట్లో చెవి కింద వాచింది. తర్వాత నములుతుంటే లోపల ఏదో కదిలినట్టు టక్కుటక్కుమనేది. అత్తయ్యకు వినిపించేది. చిగుళ్ళు చీలి చీము పట్టింది, లోపల లోహం కనబడింది. ఇరవై నాలుగున తీసేశారు. రెండు మరలు చేత్తో లాగితే వచ్చాయట. మళ్ళీ పాత పట్టీ, మళ్ళీ గరిటె.

డాక్టరమ్మకు సెకెటే సంగతి చెప్పేశాను, రాసి ఇచ్చాను. "అదొక్కటే కారణం అయ్యుండదు" అంది. నన్ను ఓదార్చడానికి అంది. నాకు తెలుసు. పావుగంట పొగడ్తల కోసం నువ్వు వారం రోజులు పడ్డ శ్రమ బూడిద చేశాను. నీ ఉత్తరం తీసి రోజూ చదువుకుంటున్నాను, చేతులారా చేసుకున్నదే అన్న వాక్యం. అందులో తప్పు లేదు. అత్తయ్య నాతో మాట్లాడడం లేదు. మాట్లాడినా జవాబివ్వలేను అనుకో.

నన్ను క్షమించు తల్లీ. ఇంతకన్నా రాయడం తెలియడం లేదు.

లెఫా


బ్లూమ్‌ఫాంటైన్
2023 సెప్టెంబర్ 17

మామయ్యా,

జరిగిందేదో జరిగింది. మనసు కష్టపెట్టుకోకు, మందులు మానకు. రెండోది చేస్తారు, స్కాన్ ఇక్కడే ఉంది.

తీసిన దవడ మా దగ్గరికే తిరిగొచ్చింది. మేనేజరు స్ట్రైడమ్ ఏవో కాగితాలు తిరగేస్తున్నాడు. దిసెబో అక్క పని మానేసింది. గదిలో పని ఎక్కువగా ఉంది, అందుకే పొడుగ్గా రాయలేకపోతున్నాను.

కెనెవే


క్వాక్వా
2023 అక్టోబర్ 14

కెనెవే,

గురువారం పరీక్షకు బ్లూమ్‌ఫాంటైన్ ఆసుపత్రికి వచ్చాం. నీకు చెప్పలేదు, పనిలో ఉంటావని. వరండాలో బెంచీ మీద కూర్చుంటే, తనూ ఏదో పరీక్షకు వచ్చిన ఒకావిడ దగ్గరికి వచ్చింది. ముదురు నీలం గుడ్డ తలకు కట్టుకుని, కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఉంది. కుంగిన నా దవడ చూసి, "కెనెవే మామయ్య మీరేనా?" అంది. తలూపాను. అంతే, సిమెంటు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. వద్దని చెయ్యి ఊపినా లేవదు. అత్తయ్య పట్టుకుని లేపింది.

"నేను దిసెబోను. నేను సరిగ్గా చూడకుండా సంతకం పెట్టానయ్యా. మీ నోరు నా వల్లే ఇలా అయింది" అంది.

అత్తయ్య, "ఈయన నోరు ఈయన వాగుడు వల్లే అయింది, నువ్వేం చేశావమ్మా?" అంది.

"కాదమ్మా. లోపలి వైపు గరుకు ఉండాలి. ఎముక ఆ గరుకులోకి పాకి పట్టుకుంటుంది. తిరిగొచ్చిన దవడ నాకు చూపించారు. లోపలంతా అద్దం. ఎముక పట్టుకోడానికి ఏముంది? మరలు మాత్రం ఎన్నాళ్ళు మోస్తాయి? నేను తడిమినప్పుడు గరుగ్గానే ఉందని నాకు గుర్తు. కానీ కాగితం మీద సంతకం నాది. నా వేళ్ళు మోసం చేసుంటాయి, కళ్ళు మోసం చేసుంటాయి. పనిలోంచి తీసేశారు. తీసెయ్యాలి కదా."

పని మానేసింది అని రాశావు నువ్వు.

కెనెవే, ఎముక పాకి పట్టుకుంటుందన్న మాట నాకు నువ్వు రాయలేదు. గరుగ్గా వదలాలని మాత్రమే రాశావు. ఆవిడ తడిమినప్పుడు గరుగ్గా ఉన్నది, తర్వాత అద్దం ఎలా అయింది? ఎవరు చేశారు?

లెఫా


బ్లూమ్‌ఫాంటైన్
2023 అక్టోబర్ 22

మామయ్యా,

నేనే.

దిసెబో అక్క తడిమి, బాగుందని సంతకం పెట్టి అన్నానికి వెళ్ళింది. గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. నీ ఉత్తరం నా కోటు జేబులో ఉంది. గరుకు వద్దు, ఎక్కడా వద్దు. లోపలి వైపు మీద వేలు పెట్టి చూశాను. అది నీ ఎముకను ఒరుసుకుంటుందని అనిపించింది. దిండు మీద నెత్తురు కళ్ళముందు కనబడింది. ఇరవై నిమిషాలు చాలింది పాలిష్‌కు. కడిగి, ఆరబెట్టి, సీలు వేశాను. ఎముక గరుకునే పట్టుకుంటుందని నాకు తెలుసు, మొదటి రోజే నేర్పారు. మరలు ఉన్నాయి కదా, ఈ కాస్తకేమవుతుంది అనుకున్నాను. లేదు, అదీ అనుకోలేదు. నువ్వు ఒకటి అడిగావు, నేను చేయగలను, అంతే అనుకున్నాను.

దవడ తిరిగొచ్చిన రోజు స్ట్రైడమ్ అందర్నీ నిలబెట్టి, "ఇది ఎవరి పని?" అన్నాడు. అందరూ కాగితం వైపు చూశారు. కాగితంలో దిసెబో అక్క సంతకం ఉంది. నేను నోరు విప్పుదామనుకునేలోపే ఆవిడ, "నాదే" అంది.

నువ్వు అంత్యక్రియల తప్పు నీ మీద వేసుకుని రాసినప్పుడు నాకు ఊపిరి ఆడింది మామయ్యా. అబద్ధం చెప్పను. ఊపిరి ఆడింది.

కెనెవే


క్వాక్వా
2023 నవంబర్ 5

కెనెవే,

పాలిష్ చేసినందుకు నాకు కోపం లేదు. అందులో నేనూ ఉన్నాను. తెలియని విషయంలో ఇన్‌స్పెక్టర్ బుద్ధితో హుకుం జారీ చేశాను. ఆ భాగం నాది, నేను మోస్తాను.

మిగతాది నీది. రెండు నెలలు నేను ఈ కుర్చీలో కూర్చుని సెకెటేని తిట్టుకున్నాను, చచ్చినవాణ్ణి, వాడు ఆ నెలలోనే ఎందుకు చావాలని. వాడి భార్య సూప్ తెస్తే ఎదురు పడలేక పడుకున్నట్టు నటించాను. నువ్వు ఒక్క వాక్యం రాస్తే అదంతా ఉండేది కాదు. నువ్వు రాసింది, మనసు కష్టపెట్టుకోకు అని.

ఇక ఆవిడ. నీకు పని నేర్పిన మనిషి, నా కాళ్ళ దగ్గర కూర్చుంది. అది చూసి నాకు ఎలా ఉంటుందనుకున్నావు, ఆవిడను అక్కడ కూర్చోబెట్టింది నా ఇంటి పిల్ల అని తెలిశాక?

వెళ్ళి చెప్పు. మీ మేనేజరుకు చెప్పు, ఆవిడ ఇంటికి వెళ్ళి ఆవిడ ముఖం చూసి చెప్పు. చెప్పేదాకా నాకు రాయకు.

లెఫా


బ్లూమ్‌ఫాంటైన్
2023 డిసెంబర్ 10

మామయ్యా,

చెప్పాను, ఇద్దరికీ.

స్ట్రైడమ్ నీ దవడ బొమ్మ తీసి బల్ల మీద పరిచాడు. "నువ్వు బొమ్మ చదవలేక చేసుంటే నేర్పేవాణ్ణి. చదివి చేశావు" అన్నాడు. ఆ రోజే కోటు, కార్డు ఇచ్చేశాను. దిసెబో అక్కను వెనక్కి పిలుస్తామన్నాడు.

బొట్సబెలోలో ఆవిడ ఇల్లు. వాకిట్లో కూర్చుని చిక్కుడు గింజలు ఏరుతోంది. నిలబడే చెప్పాను. ఆవిడ ఏరడం ఆపలేదు.

"మూడు నెలలుగా ఈ గింజలు నేను ఏరి, మళ్ళీ కోడలి చేత ఏరిస్తున్నాను" అంది. "రాళ్ళు మిగిలాయేమోనని. వేళ్ళ మీద నమ్మకం పోయింది. కళ్ళద్దాలు మార్చాను. తలలో ఏమైనా పుట్టిందేమోనని పరీక్ష చేయించుకున్నాను. నువ్వు మధ్యలో రెండుసార్లు వచ్చావు, పండ్లు తెచ్చావు. ఈ కుర్చీలోనే కూర్చున్నావు."

"క్షమించు అక్కా" అన్నాను.

"ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కునేదాన్నే. నా వేళ్ళ మీద నాకే అనుమానం పుట్టించావు చూడు, అది ఎవరిస్తారు నాకు తిరిగి?" అంది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. బస్సు టైము దాకా వాకిట్లో నిలబడి వచ్చేశాను.

కార్లకు సొట్టలు తీసి రంగు వేసే షెడ్డులో పని దొరికింది. పాలిష్ పనే. ఇంటికి రావచ్చా మామయ్యా?

కెనెవే


క్వాక్వా
2024 మే 19

కెనెవే,

నీ ఉత్తరాలు నాలుగూ అందాయి. జవాబు రాయకపోవడం మరచి కాదు.

రెండో దవడ ఫిబ్రవరిలో పెట్టారు. మొన్నటి ఎక్స్‌రేలో రెండు చివర్లూ ఎముకతో కలిసిపోయి కనిపించాయట, డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది. అది చేసింది దిసెబో. మూడుసార్లు తడిమి, ఇంకొకరి చేత తడిమించి, అప్పుడు సంతకం పెట్టిందట. అంతకుముందు ఒక్కసారి తడిమితే సరిపోయేదట ఆవిడకు. ఈ సంగతి ఆవిడే చెప్పింది, నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

మాట బాగానే వస్తోంది. సెకెటే భార్య ఇంటికి వెళ్ళి, ఆవిడకు చెప్పాల్సింది చెప్పుకున్నాను. అంత్యక్రియలు నడపమని పిలుస్తున్నారు, ఒప్పుకోవడం లేదు. వెనక వరసలో కూర్చుని వచ్చేస్తున్నాను.

నీ మీద కోపం పోయిందని రాయడానికి ఇవాళ కూర్చున్నాను. పొద్దుటి నుంచి మూడు కాగితాలు చింపాను. పోలేదు. పోకుండా పోయిందని రాస్తే, అది నువ్వు నాకు రాసిన సెప్టెంబర్ ఉత్తరం లాంటిదే అవుతుంది. నువ్వు ఇంటికి వస్తే నేను తలుపు తీస్తాను, భోజనం పెట్టమంటాను, అమ్మా అని పిలుస్తాను. అదంతా నటన అని నీకూ నాకూ తెలుస్తూనే ఉంటుంది. అందుకని ఇప్పుడు రావద్దు. ఎప్పుడు రావాలో నాకు తెలియదు. తెలిసిన రోజున ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకుండా రాస్తాను.

డ్రైవరు దగ్గర పీచ్ పళ్ళ ఊరగాయ సీసా ఒకటి ఉంది, తీసుకో. అది అత్తయ్య పంపింది. నన్ను అడగకుండానే పంపింది.

లెఫా